బూడిదకూ గోడకూ మధ్య

పోయినవారం కోడల్ని దిబ్బ మీద సన్నటి వానలో, టార్పాలిన్ పట్టా అంచు పట్టుకుని నిలబడ్డచోటే వదిలేసి వచ్చాం. ఒక మనిషిని వారం రోజులు వానలో నిలబెట్టడం న్యాయం కాదని తెలుసు. కానీ చూసినది చూశాక ఆమెకూ అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ దిబ్బ ఒకప్పుడు ఊరు. యెహోషువ ఓడించిన రాజులంటూ బైబిలు పాత నిబంధనలో ఒక పట్టిక ఉంది. అందులో ఈ ఊరి రాజుకు ఒక గుక్కలో అయిపోయేంత చోటు దక్కింది, అంతే. ముప్పై ఏళ్ల కిందట ఆమె మామగారు, అప్పటికింకా జుట్టు నెరవని ప్రొఫెసరు, ఈ దిబ్బను తవ్వి ఒక కూలిన రాతిగోడనూ, దాని పక్కనే మోచేతి మందాన పరుచుకున్న బూడిదనూ బయటపెట్టాడు. ఊరు కాలింది, గోడ కూలింది, గ్రంథం చెప్పింది జరిగిన చరిత్రే అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన పేరు సంఘం సంఘానికీ పాకింది. ఇప్పుడు ఆయన చూపు దాదాపుగా పోయింది. అదే తవ్వకంలో పనిచేసిన ఆయన ఒక్కగానొక్క కొడుకు రెండేళ్ల కిందట రక్తపు జబ్బుతో పోయాడు. ఆ కొడుకు భార్యే మన కోడలు. మట్టి పొరలు చదవడం ఆమె మామగారి దగ్గరే చదువుకున్న విద్య. భర్త సగంలో వదిలిన పని ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

తవ్వేవాళ్లు గుంటకూ గుంటకూ మధ్య కొంత మట్టిని ముట్టుకోకుండా నిలువుగా వదిలేస్తారు. దాన్ని గట్టు అంటారు. తవ్వినదంతా బకెట్లలోకెక్కి పోతుంది, ఏ పొర మీద ఏ పొర ఉండేదో చూపించడానికి ఆ గట్టు ఒక్కటే మిగులుతుంది. గోడ దగ్గర మిగిలిన ఆఖరి గట్టును సోమవారం కొట్టేయాలని నిర్ణయం. చూడ్డానికి వచ్చేవాళ్లకు గోడ అడ్డం లేకుండా పొడుగునా కనబడాలన్నది మామగారి ముచ్చట. కొట్టేముందు గట్టు ముఖాన్ని తాపీతో శుభ్రం చేస్తుండగా వాన మొదలై, తడికి మట్టి రంగులు తేలాయి. మామగారి ముప్పై ఏళ్ల మాటను ఒక్క చూపులో కొట్టిపారేసేది ఏదో ఆమెకు అక్కడ కనబడింది. పట్టా కప్పేసి, ఎవరితోనూ పలకకుండా ఇంటికి వచ్చి పడుకుంది. కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే మామగారి గదిలో పెట్టె మాట్లాడటం మొదలుపెట్టింది. చూపు తగ్గినప్పటి నుంచి ఆయన గ్రంథాన్ని చెవులతోనే చదువుకుంటున్నాడు. గొంతు బాగున్న కుర్రాడెవడో మొత్తం చదివి రికార్డు చేశాడు. కానీ ఆ కుర్రాడి మీద ఆయనకు రోజూ ఏదో ఒక ఫిర్యాదు.

"విన్నావా అమ్మాయ్? రాజుల పేర్లు చదువుతున్నాడా, బస్సు స్టాపులు చదువుతున్నాడా? మన ఊరు వచ్చిందీ తెలీలేదు, పోయిందీ తెలీలేదు. ఒక్క క్షణం ఆగితే వాడి సొమ్మేం పోయింది?"

అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. "ఆ రాజు పోయి మూడువేల ఏళ్లు దాటింది. ఇంకా ఆయన కోసం ఆగేదేంటి? మీ ముందు పెట్టింది చల్లారిపోతోంది, ముందు అది తినండి."

ఆయన తినలేదు. పెట్టె ఆపేసి, కోడలు నిలబడ్డ వైపుకి కాస్త పక్కగా మొహం తిప్పాడు. చూపు మధ్యలో పోయి అంచుల్లో మిగిలింది కాబట్టి, మనిషిని చూడాలంటే ఆయన పక్కకి చూడాలి.

"ఇవాళ గట్టు చదివేద్దాం అమ్మాయ్."

"వాన పడింది కదా మామయ్యా. గుంటంతా బురద. నిచ్చెన జారుతుంది."

"వాన పడ్డాకే కదా చదవాల్సింది? ఎండిన గట్టు అన్నీ ఒకే రంగులో చూపిస్తుందని నీకు మొదటి ఏడాదే చెప్పానే. ఇంత చదివించి ఏం లాభం?"

"మీకు మరి..."

"కనబడదంటావు. అందుకే నువ్వు చదువు, నేను వింటా. చెవులింకా ఉన్నాయిగా."

గట్టు చదవడం ఆ తవ్వకంలో ఆయన పెట్టిన పద్ధతి. వేరే ఎక్కడా లేదు. గట్టు కొట్టడమంటే సాక్షిని చంపడం, చంపేముందు వాంగ్మూలం తీసుకోండి అని శిష్యుల్ని ఆటపట్టించేవాడు. ఒకరు గట్టు ముందు నిలబడి పై నుంచి కింది దాకా ఒక్కో పొరనూ పైకి చదవాలి. మిగతావాళ్లు వినాలి. ఎవరికి అనుమానం ఉన్నా అక్కడే అడ్డుపడాలి. అందరూ ఒప్పుకున్నాక చదివేవాళ్లు 'ఇంతే' అంటారు. ఆ మాట పడ్డాకే మేస్త్రీ గునపం ఎత్తాలి. పెద్ద ప్రొఫెసర్లు కూడా ఆ గుంటలో చేతులు కట్టుకుని విన్నారు.

అత్తగారు ఇద్దరి చెప్పులూ గుమ్మం బయట పెట్టింది. ఇంట్లోకి దిబ్బ మట్టి రాకూడదని ఆమెకు పట్టుదల. ముప్పై ఏళ్లుగా ఆ యుద్ధంలో ఓడిపోతూనే ఉంది.

"వెళ్లండి. మీరిద్దరూ ఆ గుంటలోకి దిగితే ఎవరో ఒకరు ఏడుపు మొహంతోనే వస్తారు. ఇద్దరూ ఏడుస్తూ మాత్రం రాకండి. నాకంత ఓపిక లేదు."

కారులో దారి పొడుగునా ఆయన రేపటి గురించే మాట్లాడాడు. రేపు ఆదివారం, సంఘం అంతా దిబ్బ మీదికే వస్తోంది. పాస్టరు గారు వాక్యం చెప్పాక ఈయన గోడ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం ఆమెకు కంఠతా వచ్చు. కొడుకు ఆఖరి రోజు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా, మన గోడ అబద్ధం చెప్పదు కదా, నాకేం భయం లేదు" అన్నాడట. ఆ సమయంలో ఆమె ఆసుపత్రి కింద మందుల షాపులో ఉంది. ఆమెతో అతను అన్న ఆఖరి మాట వేరు. వంటింటి కిటికీ గడియ వదులైంది, గాలికి కొట్టుకుంటోంది, బాగు చేయించు అన్నాడు. అంత పెద్ద మాట తండ్రికీ, ఇంత చిన్న మాట తనకూ దక్కాయని ఆమె మనసులో ఒక ముల్లు ఉండేది. ఎవరితోనూ అనలేదు.

"వాడు ఆ మాట అన్నాక నాకు ఏడుపు కూడా రాలేదమ్మాయ్. గోడ నిజమైతే, దాన్ని చెప్పిన గ్రంథం నిజం. గ్రంథం నిజమైతే, చనిపోయినవాళ్లు లేస్తారని అందులో ఇచ్చిన మాటా నిజమే. అంటే వాణ్ని నేను మళ్లీ చూస్తా. అప్పటికి కళ్లు కూడా బాగుంటాయిలే."

ఆ వరసలో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఆమెకు తెలుసు. ఒక గోడ కూలిందని తేలితే, ఎవరు కూల్చారో తేలినట్టు కాదు. ఈ సంగతి పదహారేళ్ల పిల్లలకు కూడా పాఠంగా చెబుతారు. అయినా ఈ రెండేళ్లలో ఆమె ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే తనూ ఆ మెట్ల మీదే కాళ్లు పెట్టి రోజులు వెళ్లదీసింది. భర్త మళ్లీ కనబడతాడనుకోవడానికి ఆమెకూ వేరే ఆధారం లేదు.

దిబ్బ మీద మేస్త్రీ ఎదురొచ్చాడు. అందరూ అతన్ని బకెట్టు అంటారు. పనిలో చేరిన కొత్తలో గుంటలో జారిపడి, కాలు బకెట్లో ఇరుక్కుని, దాంతోనే నిచ్చెనెక్కి పైకి వచ్చాడట. ఇప్పుడు నలుగురు పనివాళ్ల మీద పెద్ద, అయినా పేరు వదల్లేదు.

"పెద్దయ్యగారూ, మీరెందుకు వచ్చారీ బురదలో? అమ్మగారు చదివితే నేను వినేవాణ్నిగా."

"నువ్వు వింటావు గానీ అడ్డుపడవు. అడ్డుపడేవాడు ఒకడుండాలి."

బకెట్టు నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ గుంటలోకి దిగాడు. ఆమె కింద చేతులు చాచి నిలబడింది. గుంటలో చలి పైకన్నా ఎక్కువగా ఉంది. తడిసిన మట్టి వాసన ముక్కుకు కొట్టింది. మామగారు ఊపిరి బలంగా పీల్చి, చాలాకాలం తర్వాత ఇంటికొచ్చినవాడిలా మొహం పెట్టాడు.

"పిచికారీలో నీళ్లు లేవు. బండి దగ్గరికి వెళ్లి నింపుకురా" అని బకెట్టును పంపేసింది. నీళ్లతో పనిలేదు, గట్టు తడిగానే ఉంది. మూడో మనిషి వద్దనిపించింది, అంతే.

పట్టా తీసింది. నిన్న కనబడింది కలేమో, వాన చేసిన మాయేమో అని ఒక మూల చిన్న ఆశ ఉండింది. కనబడింది మాత్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

"చదువు" అన్నాడాయన చేతులు వెనక్కి కట్టుకుని.

"పైన గడ్డివేళ్లు. జానెడు."

"ఊఁ."

"దాని కింద దున్నిన మన్ను. గోధుమరంగు, గులకరాళ్లు. దాని కింద కరిగిన పచ్చి ఇటుక, పసుపుగా. వానలకు కారి పరుచుకుంది."

"బాగుంది. తర్వాత?"

"గోడ నుంచి పడిన రాళ్లు. పెద్దవి కింద, చిన్నవి పైన."

"ఒక్కసారిగా పడ్డాయి, చూశావా? మెల్లగా పడితే అలా పడవు. తర్వాత?"

"తర్వాత... బంకమట్టి, పల్చగా. దాని కింద నేల ఎత్తు చేయడానికి పోసిన మన్ను. దాని కింద బూడిద, నల్లగా. మధ్యలో బొగ్గు ముక్కలు, కాలిన ధాన్యం."

"గోడ దగ్గర?"

ఆమె గట్టు వైపు చూసింది. బూడిద నల్లటి పట్టీలా ఎడమ నుంచి నిండుగా వచ్చి, గోడకు జానెడు దూరంలో కత్తితో కోసినట్టు నిలువుగా ఆగిపోయింది. అక్కణ్నుంచి గోడ రాళ్ల దాకా బూడిద రవ్వంత కూడా లేదు. గరుకు మన్నూ, గులకరాళ్లూ వదులుగా నిండి, గోడ అడుగు దాకా దిగాయి. దాని అర్థం ఆ విద్యలో అక్షరాలు నేర్చినవాళ్లకు కూడా తెలుస్తుంది. గోడ కట్టడానికి పునాది తవ్వినవాళ్లు, అప్పటికే పాతబడి పూడిపోయిన బూడిదను కోసుకుంటూ కిందికి దిగారు. రాళ్లు పేర్చి, మిగిలిన సందును దొరికిన మట్టితో నింపారు. అంటే ఊరు కాలినప్పుడు ఈ గోడ పుట్టనే లేదు.

"గోడ దగ్గర అమ్మాయ్?"

"బూడిద గోడ దాకా వచ్చి ఆనుకుంది మామయ్యా."

"ఇంతేనా?"

"ఇంతే."

అప్పటిదాకా ఆ గుంటలో ఆ మాటను ఎవరూ అబద్ధంగా పలకలేదు. మామగారు మాత్రం మొహం వికసించి, తలాడించి, చెయ్యి ముందుకు చాచాడు.

"ఏదీ, పట్టుకెళ్లు. కొట్టేస్తే మళ్లీ దొరకదు, ఒక్కసారి ముట్టుకుంటా."

వద్దనడానికి ఏ సాకూ తట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని బూడిద పట్టీ మీద, గోడకు వీలైనంత దూరంగా పెట్టింది. ఆయన చూపుడువేలు, బొటనవేలు కలిపి నలిపాడు. బూడిద మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని పోల్చుకుంటారు. ఆయన వేళ్లు ఆ పట్టీని వదలకుండా గోడ వైపు నడిచాయి. వేళ్లు అంచు దాకా వచ్చి, అంచు దాటి, గరుకు మన్నులో ఆగిపోయాయి. వెనక్కి వచ్చాయి. మళ్లీ దాటాయి.

"ఇక్కడ బూడిద లేదే" అన్నాడు మెల్లగా.

ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచేతితో ఆ వదులు మట్టిని పైనుంచి కిందికి తడుముకుంటూ వెళ్లాడు. మధ్యలో ఒక కుండపెంకు అంచు తగిలింది. దాన్ని పెరకలేదు. బొటనవేలితో రెండు మూడుసార్లు రుద్దాడు.

"కుమ్మరి సారె మీద తిప్పుతూ మెరుగు పెట్టారు దీనికి. దావీదు తర్వాతి రాజుల కాలపు గిన్నె. యెహోషువ మునిమనవలకు మునిమనవలు పుట్టాక చేసిన గిన్నె. పునాది గుంటలో ఇది ఉందంటే గోడ దీనికన్నా ముందుది కాదు." పాఠం చెప్పే గొంతుతోనే అన్నాడు. ఆ నిదానానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. "ఎంత వెడల్పుంది ఈ సందు?"

"జానెడు. కొంచెం ఎక్కువ."

"సరిగ్గా అంతే. గోడ దొరికిందన్న సంబరంలో నేను దాని వెంటే తవ్వుకుంటూ పోయాను. జానెడు, జానెడున్నర వెడల్పున. ఈ గరుకు మన్నునంతా చెత్త మన్ననుకుని బకెట్లకెత్తించి పారబోయించా. ఆ తర్వాత అవతల బూడిద, ఇవతల గోడ ఎదురెదురుగా కనబడ్డాయి. రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయని రాసేశాను. మధ్యలో ఉన్నది నేనే ఎత్తేశాను కదా, ఇంక అడ్డం చెప్పేదేముంది?"

"అప్పట్లో అందరూ అలాగే తవ్వారు మామయ్యా."

"ఆ అందర్నీ నేను తిట్టాను. క్లాసు క్లాసంతా వినేలా తిట్టాను. గోడ వెంట పోవద్దు, గోడకు అడ్డంగా తవ్వండిరా అని. నేను చేసినదాని సంగతి మాత్రం నాకు తట్టలేదు." ఆయన మొహం పక్కకు తిప్పాడు, అంటే ఆమెనే చూస్తున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"తెలిసి, గట్టు ముందు నిలబడి అబద్ధం చదివావు."

"చదివాను."

"ఎందుకు?"

"మీరు తట్టుకోలేరని భయమేసింది. అత్తయ్యకు ఉన్నది మీరొక్కరే. నాకూ..." అని ఆగింది. తర్వాత ఇంక ఆపుకోలేదు. "సోమవారం దీన్ని కొట్టేస్తే ఎవరికీ తెలీదు. మీ మాట మీకుంటుంది. రేపు వచ్చేవాళ్ల మాట వాళ్లకుంటుంది. నేనొక్కదాన్నే మోస్తాననుకున్నాను."

"నేను పోతే సమాధి చేసి, పాట పాడి, ఇంటికి పోతారు. అది పెద్ద పనేం కాదు. గట్టు పోతే మళ్లీ ఎవడు తెస్తాడు? ఈ సంగతి నీకు నేర్పింది ఎవరు?"

"మీరే."

"మరి?"

రెండేళ్లుగా మింగలేక కక్కలేక ఉన్నదంతా ఒక్కసారిగా ఆమె నోటికి వచ్చింది.

"మరి మీరు చేసిందేంటి మామయ్యా? మీ అబ్బాయిని తీసుకెళ్లి ఈ గోడకు కట్టేశారు. గోడ నిలబడితే ఆయన లేస్తాడు, గోడ పడితే లేవడు! గ్రంథంలో ఉన్నవన్నీ ఈ నాలుగు రాళ్ల మీదే నిలబడ్డాయా? హిజ్కియా రాజు తవ్వించాడన్న సొరంగంలో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి, తవ్వినవాళ్లు రాసిన అక్షరాలు దొరికాయి. దావీదు వంశం పేరు ఉన్న రాయి దొరికింది, అదీ శత్రువు చెక్కించిన రాయి. రాజుల కాలానికి వచ్చేసరికి చాలా మాటలకి మట్టి సాక్ష్యం చెబుతోంది. అంతకు ముందువాటికి కొన్నిచోట్ల చెప్పట్లేదు, కొన్నిచోట్ల ఎదురే చెబుతోంది. ఈ ఊరు కాలిందనేది కూడా నిజమే, బూడిద ఇక్కడే ఉంది. ఎవరు కాల్చారో అది చెప్పదు, చెప్పించకూడదు. మట్టి చెప్పినంత విందాం, చెప్పనిది దాని నోట్లో పెట్టొద్దు. ఇదీ మీరే నేర్పారు."

"సొరంగం ఉంటే ఉండనీ. సొరంగం నా కొడుకుని లేపదమ్మాయ్."

"గోడ లేపుతుందా?"

అనేసి నాలుక కరుచుకుంది. ఆయన తడి మట్టిలో అలాగే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన వేళ్లకు బూడిద అంటి గోళ్లలోకి దిగింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక ముసలాయన దగ్గర మిగిలిందొకటే, దాన్ని లాక్కోవడానికి ఇంత మాట అక్కర్లేదు. క్షమించమని అడగాలనుకుంది.

ఈలోగా ఆయన మళ్లీ గట్టు వైపు తిరిగాడు. ఓడిపోయినవాడు లెక్క ఇంకోసారి చూసుకున్నట్టు, బూడిద ఆగిపోయిన అంచును వేలితో కింది నుంచి పైకి తడిమాడు. సగంలో చెయ్యి ఆగింది.

"ఈ గీత నువ్వు గీశావా?"

"ఏ గీత?"

"అంచు వెంట గీత ఉంది. తాపీ మొనతో గీసింది."

"నేను ఇంకా ఏమీ గీయలేదు మామయ్యా."

ఆమె పక్కన కూర్చుని మొహం దగ్గరగా పెట్టింది. ఉంది. ఒక పొర ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో గుర్తుండాలని తవ్వేవాళ్లు తాపీ మొనతో సన్నగా గీస్తారు. అలాంటి గీతే. వానలకు కారిన సన్న మట్టి దాన్ని నింపేసింది. రంగులు చూసి బెదిరిపోయి నిన్న దాన్ని గమనించనే లేదు. గీత అంచులు మెత్తబడ్డాయి. నిన్న మొన్నటిది కాదు. ఎవరో ఈ గట్టును శుభ్రం చేసి, చూసి, ఆమె చదివిందే చదివి, గీశారు. ఆ తర్వాత నోరు మూసుకున్నారు.

ఆయన వేలు గీత మీద మళ్లీ నడిచింది.

"మట్టి కుడివైపుకి తోసుకుపోయింది. కుడిచేతితో గీస్తే ఎడమవైపుకి తోస్తుంది. ఎడమచేతివాటం వాడు ఈ దిబ్బ మీద ఒక్కడే పనిచేశాడు."

చిన్నప్పుడు ఆ చేతితో రాస్తున్నాడని కొడుకుని కొట్టింది ఆయనే. గుంటలోకి దిగాక మాత్రం, ఎడమచేతి తాపీ అందని మూలలకు వెళ్తుందని మురిసిపోయిందీ ఆయనే.

అంటే ఆమె భర్త ఈ గట్టు ముందు ఇలాగే కూర్చున్నాడు. ఇదే చూశాడు. ఆఖరి సీజనులో ఒకరోజు ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చుండిపోయిన సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. అప్పటికి జబ్బు బయటపడలేదు, ఒంట్లో బాగాలేదా అని అడిగితే నవ్వాడు. ఆ తర్వాత ఆసుపత్రి మంచం మీద, ఇది చూసిన కళ్లతోనే, తండ్రి చెయ్యి పట్టుకుని మన గోడ అబద్ధం చెప్పదు అన్నాడు. ఇప్పుడు ఆమె చెప్పిన అబద్ధమే అతను ముందే చెప్పి వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకరికే చెప్పారు.

మామగారికీ అదే తట్టింది.

"తెలిసే అన్నాడన్నమాట ఆ మాట."

"మామయ్యా..."

"నేను ఎన్ని సంఘాల్లో చెప్పానమ్మాయ్. మైకు పట్టుకుని. నా కొడుకు భయం లేకుండా పోయాడు, గోడను నమ్మి పోయాడు అని. వాడు నన్ను ఊరుకోబెట్టాడా? చచ్చిపోతున్నవాడు నన్ను ఓదార్చాడా?" ఆయన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "వాడికి భయం వేసే ఉంటుంది. నాతో చెప్పుకోవడానికి లేకుండా చేశాను. వాడి పక్కనే కూర్చున్నాను, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అయినా ఒంటరిగానే పోయాడు."

"అలా అనకండి. గోడ సంగతి తెలిసీ నమ్మకం పోకుండా ఉండొచ్చు కదా. ఆయన నమ్మకం ఈ గోడ మీద ఉండేది కాదేమో."

"మరి దేని మీద ఉండేది? చెప్పు. నువ్వు వాడి భార్యవి. దేన్ని పట్టుకుని పోయాడు వాడు?"

ఆమెకు తెలియదు. కిటికీ గడియ తప్ప అతను ఆమెకు ఇంకేమీ చెప్పలేదు. పక్కన పడుకున్న మనిషి లోపల ఏముందో తెలుసుకోకుండానే ఇన్నేళ్లు కాపురం చేశానని మొదటిసారి అనిపించి, ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. మామగారి చెయ్యి గాల్లో వెతుక్కుని, ఆమె తల మీద పడి, అక్కడే ఉండిపోయింది.

పైన అడుగుల చప్పుడైంది. బకెట్టు గుంట అంచు మీంచి తొంగిచూశాడు.

"పెద్దయ్యగారూ, చదవడం అయిందాండీ? సంఘంవాళ్లు కుర్చీలు దించుతున్నారు. పాస్టరు గారు కూడా వచ్చారు. సోమవారం దాకా ఎందుకు, గట్టు ఇవాళే కొట్టేస్తే రేపు వచ్చేవాళ్లకి గోడ మొత్తం కనబడుతుంది కదా అంటున్నారు. నలుగురం ఉన్నాం, గంటలో అయిపోద్ది. దిగమంటారా?"

కోడలు కళ్లు తుడుచుకుని మామగారి వైపు చూసింది. తనే 'ఇంతే' అనేసింది. పద్ధతి ప్రకారం ఆ మాట పడ్డాక గునపం దిగడమే తరువాయి. ఆయన అడ్డుపడితే తప్ప ఎవరూ ఆపరు. ఆయన అడ్డుపడితే, ఎందుకని పాస్టరు గారు అడుగుతారు, రేపు సంఘమంతా అడుగుతుంది.

"ఆగమను. నేనింకా చూడలేదు" అన్నాడాయన పైకి వినబడేలా. తర్వాత ఆమెకు మాత్రమే వినబడేలా, "నీ తాపీ ఇటివ్వమ్మాయ్" అన్నాడు.

"ఎందుకు మామయ్యా?"

"ఇవ్వు."

తాపీకి మొన ఉంది, అంచు ఉంది. మొనతో అయితే ఆ పాత గీతను లోతు చేసి, పైనున్న వాళ్లందరికీ కనబడేలా నిలబెట్టొచ్చు. అంచుతో అయితే నాలుగుసార్లు గీకితే చాలు, అంచు చెదిరి బూడిదా గరుకు మన్నూ కలిసిపోయి, కొడుకు గీసిందంటూ ఏదీ మిగలదు. ఏం చేయబోతున్నాడో ఆయన మొహంలో చదవడానికి ప్రయత్నించింది. ఆ కళ్లు ఆమెను చూడటం లేదు, గట్టునూ చూడటం లేదు.

ఆమె తాపీ ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కుడిచేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, ఎడమచేతిలోకి మార్చుకుని, గట్టు మీదికి వంగాడు.